గంగవ్వ గ్లాసు

పదకొండేళ్లు గంగవ్వ ఒకే గ్లాసులో నీళ్లు తాగింది. అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసది. దానికి వంటింట్లో చోటు లేదు. వాకిలి పక్క గూట్లో బోర్లించి ఉండేది.

ఆమె భర్త పోచన్న మహారాష్ట్రలోని సాస్తి అనే ఊరి బొగ్గుగనిలో పనిచేసేవాడు. అతనికి టీబీ వచ్చినప్పుడు అత్తవారింట్లో ఇద్దరి గ్లాసులూ వేరు చేశారు. ఊరికి మాత్రం ‘బొగ్గుదుమ్ము పట్టింది’ అని చెప్పుకున్నారు. ఆరు నెలల మందులతో పోచన్నకు నయమైంది, అతని గ్లాసు లోపలికి వెళ్లింది. అతను దగ్గినప్పుడల్లా లేచి వీపు రాసిన గంగవ్వ గ్లాసు మాత్రం గూట్లోనే ఉండిపోయింది. ఆమె ఎందుకని అడగలేదు. ఆ ఇంట్లో ఆమెను చూసి భయపడినవాళ్లే అందరూ. ఆమెకు పరీక్ష చేయిద్దామన్నవాళ్లు ఒక్కరూ లేరు.

తర్వాత పోచన్న గుండెపోటుతో పోయాడు. బల్లార్‌పూర్‌లో కొడుకు ఇంటికి వచ్చేటప్పుడు గంగవ్వ ఆ గ్లాసును చీరల మధ్య పెట్టి తెచ్చుకుంది. ఇక్కడ వేరుగా తాగమన్నవాళ్లు లేరు. ఆమే మానలేక, ఇక్కడా దాన్ని వాకిలి గూట్లోనే బోర్లించుకునేది. కోడలు కోమలకు మామకు బొగ్గుదుమ్ము పట్టిందనే తెలుసు. “మా అత్తకు ఆ గ్లాసంటే పానం. ఎవల్నీ ముట్టనియ్యదు” అని నవ్వేది.

వయసులో పత్తి ఏరిన గంగవ్వకు కలల్లో ఎప్పుడూ పత్తిచేనే. తెల్లటి మంచు, తెల్లటి పత్తి, రెంటికీ మధ్య హద్దు కనిపించదు. వేళ్లు వాటంతటవే కదిలి ఒక్కో కాయనూ ఖాళీ చేసేవి. ఒడిలో దూది నిండుతున్నా బరువుండేది కాదు. కళ్లు తెరిస్తే ఆ వేళ్లే ముడుచుకోవు. కీళ్లవాతం. చెంబు ఎత్తలేదు, జడ వేసుకోలేదు. మూడేళ్ల మనుమరాలు చిన్ని వచ్చి ఒళ్లో పడుకుంటే మాత్రం ఆ వంకర వేళ్లు పాప జుట్టులో పత్తి ఏరుతున్నట్టు తిరిగేవి. రోజు మొత్తంలో ఆమెకు మిగిలిన సుఖం అదొక్కటే.

కీళ్లవాతం మాత్రలకు తగ్గకపోవడంతో చంద్రపూర్‌లో డాక్టరు ఇంజెక్షన్ రాస్తానన్నాడు. రాసేముందు ఒక ప్రశ్న అడిగాడు. “ఈ మందు రోగాల మీద ఒంట్ల ఉండే కాపలాను తగ్గిస్తది. ఇంట్ల ఎవరికన్నా టీబీ వచ్చిందా?”

పక్కన కోమల ఉంది. అవునంటే చిన్నిని ఒళ్లోంచి ఎత్తుకుపోతారు.

“లేదు సారు” అంది గంగవ్వ.

అయినా డాక్టరు టీబీ పరీక్ష రాశాడు. అర్చన అనే నర్సు, దగ్గర్లోని విసాపూర్ ఊరి తెలుగు పిల్ల, ముంజేతి చర్మంలోకే సన్నటి సూదితో మందు ఎక్కించి, చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసింది. “మూడో దినం రా అవ్వా. గోకద్దు, ఏం పూయద్దు.”

మర్నాటికి ఆ గీత లోపల ఎర్రగా లేచింది. గంగవ్వ వేలితో తడిమింది. పచ్చి పత్తికాయ తగిలినట్టు గట్టిగా ఉంది. ఈ వాపు పోచన్న జబ్బును బయటపెడుతుందని ఆమెకు అర్థమైంది. తేలు కుట్టినచోట పూసినట్టే పసుపూ సున్నమూ కలిపి పట్టించి, పైన కొంగు కప్పుకుంది. వాపు దిగితే అబద్ధం బతుకుతుంది.

మధ్యాహ్నం కునుకులో మళ్లీ చేను వచ్చింది. ఈసారి ప్రతి మొక్కకూ ఒక గ్లాసు బోర్లించి ఉంది. మంచులోంచి చిన్ని నడిచి వస్తోంది. గంగవ్వ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

మూడో రోజు అర్చన కొంగు తొలగించి పకపకా నవ్వింది. “ఏందవ్వా, చేతికి పెండ్లి చేసినవా? పసుపు పెట్టి తోలుకొచ్చినవ్!”

“ఎప్పుడు పూసినవత్తా? నాకు చెప్పనే లేదు” అంది కోమల.

అర్చన స్పిరిట్ దూదితో తుడిచింది. తెల్ల దూది పచ్చబడింది. వాపు అలాగే ఉంది. వేలికొసతో దాని అంచులు వెతికి, గీతలు పెట్టి, స్కేలుతో కొలిచింది. పదిహేను మిల్లీమీటర్లు. టీబీ క్రిమి ఒంట్లో ఉందనడానికి అది చాలు. “మేం ఎరుపును కొలవమవ్వా, గట్టిదనాన్ని కొలుస్తం. పసుపుకు దిగేది కాదిది. నిజం చెప్పు, ఇంట్ల టీబీ ఎవరికుండె?”

గంగవ్వ కోడలి ముఖం చూసింది. “మీ మామకు. దుమ్ము కాదు బిడ్డా, టీబీ.” కొంగు మళ్లీ చేతిమీదికి లాక్కుంది. “చిన్నిని నా దగ్గరికి రానియ్యవా ఇగ?”

డాక్టరు రాసిన చీటీ పట్టుకుని కోమల అత్తను ఎక్స్‌రేకు నడిపించింది. అందులో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, దగ్గు లేదు, జ్వరం లేదు. “టీబీ క్రిమి నిద్రపోతున్నది” అన్నాడు డాక్టరు. “ఇట్లున్నప్పుడు ఎవరికీ అంటదు. కాపలా తగ్గితే లేస్తది.”

“బొగ్గు కుప్ప లెక్క” అంది గంగవ్వ నెమ్మదిగా. “మా ఆయిన చెప్తుండె. లోపల వేడి ఉంటదట, పైకి పొగ రాదట.”

“అదే. పొగ రాకముందే ఆర్పుదాం. వారానికోసారి మాత్రలు, పన్నెండు వారాలు. నెల గడిచినంక ఇంజెక్షన్ మొదలుపెడదాం.”

“మరి నా గ్లాసు?”

“ఏం గ్లాసవ్వా?” అంది అర్చన.

గంగవ్వ చెప్పింది. అర్చన ఆమె చేయి పట్టుకుంది. “టీబీ దగ్గుతోని గాలిల వస్తదవ్వా. గ్లాసుతోని రాదు. మీ ఆయిన గ్లాసు సుత వేరు పెట్టాల్సిన పని లేకుండె.”

తిరుగు రైల్లో కోమల కిటికీవైపు చూస్తూ అంది: “డాక్టరు ముంగట అబద్ధమాడినవ్, మస్తు కోపమొచ్చింది. ఆ మందు గట్లనే ఎక్కిస్తే ఏమైతుండె? గ్లాసు సంగతి విన్నంక ఎవలి మీద కోపం రావాల్నో తెలుస్తలేదత్తా.”

ఇంటికొచ్చాక గంగవ్వ గూట్లో చేయి పెట్టింది. గ్లాసు లేదు. వాకిట్లో చిన్ని దాంతో నీళ్లు ముంచుకుని, సగం తాగి, సగం గౌను మీద పోసుకుంటోంది. గంగవ్వ చేయి లాక్కోవడానికి ముందుకు వెళ్లి ఆగింది. కోమల చూస్తూనే ఉంది, పాపను ఆపలేదు. లోపలికెళ్లి, చేతికందిన ఏదో గ్లాసులో నీళ్లు తెచ్చి అత్తకిచ్చింది.

ఇది చదివిన మీకు ఒక మాట. మీ ఇంట్లో కీళ్లకో, పేగులకో, చర్మానికో రోగనిరోధక శక్తిని తగ్గించే మందు ఎవరికైనా మొదలుపెడుతుంటే, టీబీ పరీక్ష సంగతి డాక్టరును మీరే అడగండి. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకుండా, వెళ్లి అడగండి. ఇంట్లో ఎప్పుడో వచ్చిన టీబీని దాచకండి. చేతిమీద పరీక్ష చేస్తే మూడో రోజుకల్లా చూపించండి. ఇక మీ ఇంటి గూట్లో ఎవరిదైనా గ్లాసు బోర్లించి ఉందేమో చూడండి. ఉంటే ఈ పూటే లోపలికి తెచ్చి, ఆ మనిషిని పరీక్షకు తీసుకెళ్లండి.