కంప్యూటర్ గదికి ఎర్త్ గుంత

మా ఆళ్లగడ్డ హైస్కూల్లో కంప్యూటర్ గదికి పొద్దున పడిన తాళాన్ని సాయంత్రానికల్లా తీయించాను. కంప్యూటర్ పెట్టెను తాకగానే మా మనవరాలికి చిన్న షాక్ కొట్టిందట. దుమ్ము పడుతుందని ఆ గదిలోకి చెప్పులతో రానివ్వరు. వట్టి కాళ్లు, పైగా ఎర్త్ తీగే లేని ప్లగ్గు! హెడ్మాస్టరమ్మ భయపడి గది మూసేసింది. మా చిన్నప్పుడు పంచాయతీ రేడియోకూ ఇలాగే తాళం వేసేవాళ్లు. ప్రెసిడెంటు ఊరెళితే ఊరంతటికీ వార్తలు బంద్. సరే, అది వేరే కథ.

“పిల్లకేమన్నా అయితే ఎవురు జవాబు చెప్పాల పెద్దాయనా? తాళమే మేలు” అందామె.

“తాళమేస్తే పిల్లోళ్లు యాడ నేర్చుకోవాలమ్మా? ఎర్త్ పెట్టిద్దాం. పనయ్యేదాకా నేనీడ్నుంచి లేసేది ల్యా.”

“ఊరికే కూచుంటే ఎట్ల తాతా? గుంత తవ్వుపో!” అంది, షాక్ తిన్న మనవరాలే.

నంద్యాల నుంచి ఎలక్ట్రీషియన్ మస్తాన్‌ను పిలిపించాను. అతను గది వెనక గుంత తవ్వించి, ఇనుప పైపు దింపాడు. లీకైన కరెంటు నేలలోకి దిగిపోవాలంటే పైపు చుట్టూ ఉప్పూ బొగ్గులూ పోయాలన్నాడు. పిల్లలు ఇళ్లకు పరుగెత్తి రాళ్ల ఉప్పు తెచ్చారు. ఇస్త్రీ బండి ఆయన బొగ్గులిచ్చాడు. ప్లగ్గులన్నిటికీ తీగ కలిపి, పరీక్షించి, ఇక భయం లేదన్నాడు మస్తాన్. అప్పుడు హెడ్మాస్టరమ్మ ముందుగా తానే పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది. తర్వాతే మా పిల్లను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది.

మీ ఊరి బడిలో కంప్యూటర్ గది తెరిచే ఉందా? తాళముంటే చెప్పండి, రేపు నాకు వేరే పనేమీ లేదు.