గాలి ఆడే పెట్టె

వినగడపలో నా స్నేహితుడొకడు ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో పద్యాలు పాడేవాడు. నేను తిరువూరు నుంచి మైకుసెట్టు తీసుకెళ్ళేవాణ్ణి. నెమలి అనే ఊళ్ళో వాడు పాడిన ఒక నాటకం, జనం కేకలతో సహా, నా దగ్గర క్యాసెట్టులో ఉంది. మొన్న వేసవికి ముందు వాడు మంచం పట్టాడు. చూడటానికి వెళితే పద్యం సంగతి అడగలేదు.

"ఆ వన్స్ మోర్‌లు వినిపించరా ఒకసారి. మా ఇంట్లో ఒక్కడూ నమ్మడు. ముసలోడు కోతలు కోస్తున్నాడంటారు."

క్యాసెట్టు వేసి చూశాను. పద్యం లీలగా ఉంది, జనం లేరు. జనరేటరు మోతలో, టేపు గరగరలో మునిగిపోయారు. ఆ మోతను విడదీసే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ, నా పాత కంప్యూటరు వాటిని తెరవనైనా తెరవదు. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆంప్లిఫయరు నుంచి కంప్యూటరు దాకా అన్నీ పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. ఏ యంత్రానికైనా గాలి ఆడాలని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గంటల తరబడి నడవాల్సిన ప్రాసెసరు, మా ఊరి ఎండ, గాలినిండా పత్తి నుసి. అందుకే విడిభాగాలు ఏరుకుని కట్టించుకుందామని బజారులో కంప్యూటర్ల కొట్టుకు వెళ్ళాను.

కొట్టతను అద్దాల క్యాబినెట్టు ఒకటి ముందుకు జరిపాడు. లోపల రంగురంగుల లైట్లు.

"ఇది తీసుకోండి బాబాయ్ గారూ, హాల్లో పెడితే ఎంత లుక్కో!"

"నేను పెళ్ళిచూపులకు రాలేదయ్యా. ముందంతా అద్దంతో మూసేస్తే గాలి ఎక్కణ్ణుంచి పీలుస్తుంది?"

"అందరూ ఇదే కొంటున్నారండి."

"అందరి సంగతీ నాకెందుకు? ముందు జాలీ ఉండాలి. దాని వెనక దుమ్ము ఆపే తెర ఉండాలి, ఊడదీసి కడుక్కునేలా. ముందు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. రేకు నొక్కితే సొట్ట పడకూడదు."

"మీరు క్యాబినెట్టు కొంటున్నారా, రైసుమిల్లు కడుతున్నారా?"

నవ్వితే నవ్వాడు, అడిగినదే విజయవాడ నుంచి తెప్పించాడు. ప్రాసెసరు మీద కూర్చుని దాని వేడి లాగే కూలరు కూడా ఇటుకంత పెద్దది నేనే ఎంచాను. బిగింపు మాత్రం అతనిదే. నా చేతులు వణుకుతాయి.

ఇంటికి తెచ్చి ప్రోగ్రాము నడిపాను. కాసేపటికి టప్పున ఆరిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ ఆరిపోయింది. కొట్టుకు మోసుకెళితే అతను మూత కూడా తీయలేదు.

"ఎండలండి బాబాయ్ గారూ. మనుషులే పడిపోతున్నారు."

ఇంకో ఫ్యాను అమ్మాడు. ఎదురుగా టేబులు ఫ్యాను కూడా పెట్టాను. వెనక నుంచి వచ్చే గాలి చల్లగానే ఉంది, ప్రాసెసరు మాత్రం కుతకుతలాడుతోంది.

వినగడప నుంచి వాడు ఫోన్ చేసేవాడు.

"ఏరా, జ్వరం నాకా, నీ కంప్యూటరుకా?"

"ఇంకో నాలుగు రోజులు ఆగరా."

"తొందరగా కానీరా. నాకు కరెంటు పోయేలా ఉంది."

మైకుసెట్టువాడితో ఆడాల్సిన మాటే ఆడాడు. నేను నవ్వాను కూడా.

వానలు పడకముందే వాడు పోయాడు.

దినాలు అయ్యాక, కోపం పట్టలేక, వణికే చేతులతోనే కూలరు విప్పాను. దాని అడుగున పలచటి ప్లాస్టిక్ పొర. బిగించే ముందు తీసేయమని ఆ పొర మీదే ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. ప్రాసెసరు వేడి కూలరును అసలు తాకనే లేదు. అంత జాలీ, అన్ని ఫ్యాన్లు, ఎవరికి విసిరినట్టు?

ఆ పొరను తీసుకెళ్ళి కొట్టు బల్ల మీద పడేశాను.

"గీతలు పడకుండా వేసిన కవరనుకున్నానండి. కొత్త సరుకు కదా, ఉంచేశా."

తిట్టడానికి నోరు తెరిచాను. అతని కుర్చీకి కవరు. ఫోనుకు కవరు. బయట ఆగిన కొత్త కారు సీట్లకు కవర్లు. మా ఇంట్లో ఫ్రిజ్జు తలుపు మీది పొర ఇప్పటికీ ఊడలేదు. ఒక్కణ్ణి తిట్టి ఏం లాభం? ఊరు ఊరంతటినీ తిట్టాలి.

పొర తీసి బిగిస్తే పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. వినగడపలో వాళ్ళింటికి తీసుకెళ్ళి వినిపించవచ్చు. వాళ్ళు నమ్మితే చూసి మీసం దువ్వుకోవడానికి వాడేడీ?

ఒక్కణ్ణే కూర్చుని విన్నాను. పద్యం ముగియగానే జనం లేచారు. వన్స్ మోర్, వన్స్ మోర్! ఎవరో ఆడమనిషి గొంతు కూడా విడిగా వినిపించింది. వాడు చిన్నగా దగ్గి, హార్మోనియం అందుకునేదాకా ఆగి, మళ్ళీ ఎత్తుకున్నాడు. కంప్యూటరు పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.