మాట ఆపుకున్న నర్సక్క

మొన్న జనగామలో రైలు దిగి శిక్షణ హాలు మెట్లెక్కుతుంటే లోపలి నుంచి ఒక గొంతు వినిపించింది. మైకు అక్కర్లేని గొంతు. ఆడవాళ్లకు, ఎదిగే పిల్లలకు అందే వైద్యంలో లోటెక్కడుందో వెతికే కొత్త పరిశోధకులకు ఈసారి పాఠం చెబుతున్నది మా నర్సక్క! గుమ్మం దగ్గరే ఆగిపోయాను. కొన్నేళ్ల కిందట ఆమెకు ఇదే పాఠం నేర్పలేక తల పట్టుకున్నదాన్ని మరి.

మహబూబాబాద్ వైపు నర్సుగా ఎన్ని కాన్పులు చేసిందో ఆమెకే తెలియదు, పరిశోధనకు మాత్రం అప్పుడే కొత్త. ఎదుటివాళ్లు నోరు తెరిస్తే చాలు, సలహా ఇచ్చేసేది. ఇంటర్వ్యూ సాధన కోసం తోటి శిక్షణార్థిని రోగిలా కూర్చోబెడితే, ఒక్క ప్రశ్నయినా అడగకుండా "నీకు రక్తం తక్కువున్నది, పల్లిపట్టీలు తిను, పో" అని పంపేసింది. హాలంతా ఒకటే నవ్వు. "అక్కా, మనం వచ్చింది అడగడానికి, చెప్పడానికి కాదు" అన్నాను. "గట్ల ఊకుంటే నా కడుపు ఉబ్బుతది మేడం" అంది.

తర్వాత భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్లకు వెళ్లాం. అక్కడి దవాఖానలో ఆడపిల్లల కోసం వేరే గది ఉంది, మందులున్నాయి. పిల్లలే రావడం లేదు. ఎందుకో తెలుసుకోవాలి. ఒక ఇంట్లో, ఇంటర్ చదివే పిల్ల పాలిపోయిన ముఖంతో "ఏం లేదు" అని తల వంచుకుంది. నర్సక్క పెదవులు కదిలాయి. అయిపోయింది, సలహా వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. పొయ్యి మీద పప్పు పొంగితే తల్లి లోపలికి పరుగెత్తింది. అప్పుడు నోరు విప్పింది ఆ పిల్ల.

"నెలనెలా మస్తు రక్తం పోతది ఆంటీ. కండ్లు తిరుగుతయి. దవాఖానకు పోదామంటే గా గది ముంగటనే బాపు దోస్తులు మందులకు లైన్ల నిలబడ్తరు. 'ఏమైంది బిడ్డా' అని అడుగుతరు. ఏం చెప్పాలె?"

ప్రశ్నలన్నీ అయ్యాకే ఆమె మళ్లీ నర్సక్క అయింది. "లే బిడ్డా, నడువు, నేనొస్త" అని తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

అలాంటి మాటే మరికొన్ని ఇళ్లలోనూ విన్నాం. అధికారుల సమావేశంలో ఎవరి పేరూ ఎత్తకుండా నర్సక్కే ఆ సంగతి చెప్పింది. "గది ఇచ్చినంగద, ఇంకేం గావాలె?" అన్నారొక పెద్దాయన.

"గది ఉన్నది సారూ. పోవుటానికి తొవ్వ లేదు" అంది. అంతే, ఇంకొక్క మాట కలపలేదు. ఆయన గదికి వెనకవైపు తలుపు పెట్టించమన్నారు. తలుపు వచ్చాక పిల్లలు ఒకరినొకరు వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఆ పిల్ల ముఖంలో మళ్లీ రంగు తిరిగింది.

యాభై దాటాక మనిషి మారడంటారు. మారిన మనిషిని నేను చూశాను. ఎన్నో సంగతులు మరపున పడ్డాయి గానీ, ఆ ఏడాది తలచుకుంటే కలిగే గర్వం మాత్రం ఇన్నేళ్లయినా పాతబడలేదు.