బుల్లెమ్మగారి దిష్టిగుడ్డా, యెహెజ్కేలు ఇంజనూ

మా యెహెజ్కేలు మిషను బళ్ళో నాకంటే ఒక క్లాసు ముందే చదువు మానేసిన ఘనుడు. ఆ ఒక్క విషయంలో తప్ప ఇంకెందులోనూ నన్ను మించలేదు. కాకినాడ రేవులో ఇంజన్ల దగ్గర మసి పూసుకొని పూసుకొని, పందొమ్మిదివందల అయిదులో భీమవరం పక్కన ఆదినారాయణరాజుగారి కొత్త బియ్యం మరకి డ్రైవరుగా కుదిరాడు. కిరసనాయిలుతో తిరిగే ఇంజను మా వైపు అదే మొదటిది. దాని తొలి దగ్గుకి కాలవలో చేపలు ఒడ్డెక్కి పారిపోయాయి. నమ్మరా? బుట్టెడు నేనే ఏరుకున్నాను.

మర మొదలెట్టే రోజు ధాన్యం పడవలు వరసగా వచ్చి ఆగాయి. ఇంజను మాత్రం భుగ్గుమని నల్లటి పొగ కక్కడం, చచ్చిపోవడం. అంటుకోవడానికని యెహెజ్కేలు దాని ఇనపబుర్రని దీపంతో ఎర్రగా కాచాడు. చక్రం తిప్పాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించడానికి, అది గాలి పీల్చుకునే గొట్టంలో ఒక రేకుమూత ఉంటుంది. అదే మొండికేసిందనుకొని విప్పి, తుడిచి, బిగించాడు. మూత సగం తెరిస్తే పొగ. మొత్తం తెరిచినా అదే పొగ.

“ఇంజను తిప్పడానికొచ్చావా, దోమలకి పొగెయ్యడానికొచ్చావా?” అన్నాను.

“నోర్ముయ్యరా! నువ్వున్నచోట ఎద్దు కూడా కదల్దు.”

రాజుగారు పైపంచె ముక్కుకి అడ్డం పెట్టుకొని వచ్చారు. “ఒరే, పొద్దుగూకేలోగా ఇది తిరక్కపోతే నువ్వు కాకినాడ పోదువుగాని. రేపట్నించి దంపుళ్ళవాళ్ళనే పిలిపించుకుంటాను.”

“ఆయ్, తిరుగుద్దండి బాబుగారూ.”

ఆయన అటు వెళ్ళగానే యెహెజ్కేలు చక్రాన్ని కాలితో తన్నాడు. కాలే వాచింది. వాడి పెళ్ళాం రూతు కుండాచట్టీతో పడవ దిగింది నిన్ననే మరి!

ఆఖరికి మూత ఊడబెరికి, గొట్టంలో నోరు పెట్టి ఊదాడు. లోపలి మసంతా వెనక్కొచ్చి మొహాన కొట్టింది. “అవతలెవరో మూసేశార్రా!”

ఆ గొట్టం గోడలోంచి రాజుగారి పెరట్లోకి తేలుతుంది. మా పేటవాళ్ళు ఆ పెరట్లో అడుగు పెట్టకూడదు. కంచె దగ్గరే ఆగి మెడ చాచాడు. గొట్టం నోటికి మడతలు పెట్టి బిగించిన పసుపుగుడ్డ, దానిమీద నిమ్మకాయ.

“అమ్మగారూ! ఎవరండీ ఇది కట్టింది?”

రాజుగారి తల్లి బుల్లెమ్మగారు వసారాలోంచి వచ్చింది. “నేనేరా. ఊరందరి కళ్ళూ ఆ మరమీదే. దిష్టిగుడ్డ శుక్రవారం దాకా విప్పకూడదు.”

“విప్పకపోతే తిరగదండీ!”

“గుడ్డపేలికకే ఆగిపోతే అదేం ఇంజనురా?”

యెహెజ్కేలు తల కంచెకేసి కొట్టుకోబోయి, ముళ్ళు చూసి ఆగాడు. “ఆయ్, మనవడికి దిష్టి తగులుద్దని ముక్కూ నోరూ కలిపి కట్టేస్తారాండీ? మెడకి కడతారాండీ?”

ఆవిడ గొట్టంకేసి చూసింది, వాడికేసి చూసింది. “ఆ ముక్క పొద్దున్నే ఏడవచ్చుగా!” అంటూ ముడి విప్పి, గుడ్డనీ నిమ్మకాయనీ గొట్టం మెడకి కట్టింది.

చక్రం అలా తిప్పాడో లేదో, ఇంజను అందుకుంది. ఆ చప్పుడుకి యానాంలో సారా సీసాలు పగిలాయని జనం చెప్పుకున్నారు. జనానికి చెప్పింది నేనే.

రూతు కుండలు మళ్ళీ పడవెక్కలేదు. యెహెజ్కేలు మాత్రం ఆ మరలో పనిచేసినన్నాళ్ళూ, ఆవిడ కొత్త గుడ్డ కట్టే ప్రతి శుక్రవారం పొద్దున్నే కంచె దగ్గరికెళ్ళి, “అమ్మగారూ, మెడకండీ! నోటిక్కాదు!” అని అరిచి గానీ ఇంజను దీపం ముట్టించేవాడు కాదు.