తప్పుగా గీసిన వంటిల్లు

నా చిన్నప్పుడు, అంటే ఢిల్లీలో మెట్రో అన్న మాటే ఎవరూ ఎరగని రోజుల్లో, మేము మయూర్ విహార్‌లో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నలభై దాటిన మనిషి చిన్నతనం గురించి చెప్పడం మొదలుపెడితే ముసలితనం వచ్చేసినట్టేనని మా అమ్మాయి తీర్మానం. వస్తే రానీ. ఇది చెప్పకుండా ఊరుకోవడం నావల్ల కాదు.

ఇంట్లో ముగ్గురం. నేను, మా నాన్న, మా నానమ్మ. అమ్మ నాకు మూడేళ్ళప్పుడు కామెర్లతో పోయింది. అప్పట్లో మేము సరోజినీ నగర్‌లో గవర్నమెంట్ క్వార్టర్‌లో ఉండేవాళ్ళమట. ఆమె పోయిన కొన్నాళ్ళకే నాన్న ఆ క్వార్టర్ వదిలేసి, అమలాపురం నుంచి నానమ్మను పిలిపించుకుని, యమున దాటి ఇటు వచ్చేశాడు. అమ్మ గురించి నాకు తెలిసింది ఇంతే. హాల్లో దండ వేసిన ఫొటో ఒకటి ఉండేది. అది పెళ్ళినాటిది. నుదుట బాసికం, బుగ్గన చుక్క, కిందికి దించిన కళ్ళు. ఎంతసేపు చూసినా అందులో పెళ్ళికూతురు కనిపించేదిగానీ మా అమ్మ కనిపించేది కాదు. పదేళ్ళొచ్చేసరికి నాకు అదొక పట్టుదలైపోయింది. ఆమె ఎలా నవ్వేది, కోపమొస్తే ఏం చేసేది, నన్ను ఏమని పిలిచేది, ఎవరో ఒకరు నాకు చెప్పి తీరాలి.

చెప్పాల్సిన మనిషి నాన్న. అమ్మ మాటెత్తితే చాలు, ఆయన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. "ఆ మాటెత్తకే తల్లీ, వాడు అన్నం మానేస్తాడు" అని నానమ్మ నన్నే కసిరేది. ఆవిడ కోడల్ని చూసింది నాలుగైదుసార్లు, అదీ పండక్కో పబ్బానికో ఢిల్లీ వచ్చినప్పుడే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టని రకం మా నాన్న. చివరికి నేనొక నిర్ణయానికి వచ్చేశాను. నాన్న అమ్మని మరిచిపోయాడు. మరిచిపోయిన సంగతి ఒప్పుకోలేక లేచిపోతున్నాడు. ఆ కోపం నా కడుపులో చాలాకాలం ఉండిపోయింది.

నాన్న ఉద్యోగం గురించి కాస్త చెప్పాలి. ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కట్టబోయే భవనాలకు నక్షాలు గీయడం పని. అందుకేనేమో, తప్పు గీత కంటపడితే ఆయనకి ఒంటి మీద జెర్రి పాకినట్టుండేది. ఎవరైనా శుభలేఖ ఇస్తే లోపల పెళ్ళెవరిదో చూసేముందు వెనక అచ్చేసిన దారి పటం చూసి, ఎర్ర పెన్సిలుతో మలుపులు సరిచేసేవాడు. నానమ్మ ముగ్గులో ఒక చుక్క వరస తప్పిందని ఒకసారి అననే అన్నాడు. "నీ ఆఫీసు నా గుమ్మంలో పెట్టకురా" అంది నానమ్మ. ఆ రోజంతా ఆయన గుమ్మం దాటేటప్పుడు ఆ చుక్క వైపు చూడకుండా తల తిప్పుకుని వెళ్ళాడు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక మా కింద ఫ్లాట్‌ని ఏదో కళాసంస్థ అద్దెకు తీసుకుంది. రెసిడెన్సీ అన్నారు. ఎక్కడినుంచో ఒక ఆర్టిస్టును తెచ్చి మూడు నెలలు అక్కడ ఉంచుతారట. తిండీ, కాగితాలూ, రంగులూ అన్నీ వాళ్ళవే. చివర్లో ఆ మనిషి చేసిన పని జనానికి చూపించాలి. నానమ్మకి ఇది ఎంతకీ మింగుడుపడలేదు. "కొత్తల్లుడిలా కూర్చోబెట్టి మేపి, బొమ్మలు గీసుకోమంటారా? మరి వాళ్ళకేవిటి లాభం?" అని వారం రోజులు ఆలోచించింది. నాకు మాత్రం పండగలా ఉంది. రెండింటికి బడి నుంచి రాగానే సంచీ పడేసి కిందికి పరిగెత్తేదాన్ని.

వచ్చినావిడ వరంగల్ మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. పిల్లలందరికీ బొమ్మల ఆంటీ. ఆర్టిస్టంటే పువ్వులూ దేవుళ్ళూ గీస్తుందనుకున్నాను. ఈవిడ గోడ నిండా గోధుమరంగు కాగితం అతికించి, బొగ్గుతో పాతిళ్ళు గీసేది. మయూర్ విహార్‌లో ఎవరూ మయూర్ విహార్ వాళ్ళు కారు కదా. కేరళ నుంచి ఒకరు, బెంగాల్ నుంచి ఒకరు, సరిహద్దు అవతలి నుంచి ఒకరు. వాళ్ళని ఒక్కొక్కరిగా పిలిచి, చాయ్ ఇచ్చి, మీరు వదిలొచ్చిన ఇంటి గురించి చెప్పండి అనేది. రబ్బరు మాత్రం ముట్టుకునేది కాదు. తప్పు గీత మీదే ఒప్పు గీత గీసేది. రెండూ కనబడుతూ ఉండేవి.

నిజం చెప్పాలంటే, ఈవిడకి బొమ్మలు రావనే నేను అనుకున్నాను. పక్క బ్లాకులో లాహోర్ నుంచి వచ్చిన ముసలావిడ ఉండేది. అందరం బీజీ అనేవాళ్ళం. ఆమె మొదటిరోజు ముక్తసరిగా నాలుగు మాటలు చెప్పింది. ఏముంది, అందరిలాంటి ఇల్లే, పెరట్లో రొట్టెలు కాల్చుకునే తందూరు ఉండేది, అంతే. చాయ్ తాగి వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి చూస్తే గోడ మీద తందూరు పడగ్గదిలో ఉంది, మంచం పక్కనే.

"అరే పగ్లీ, తందూర్ పలంగ్ పక్కన పెడతారా ఎవరైనా? ఇల్లు తగలబెడతావా?" అని బీజీ బొమ్మల ఆంటీ చేతిలోంచి బొగ్గు లాక్కుంది. ఇక చూడాలి. తందూరు ఎక్కడుందో చూపించడానికి పెరడు గీసింది. పెరడు వచ్చేసరికి పిండి పళ్ళేలు పట్టుకొచ్చే పక్కింటి ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళొచ్చేసరికి ఎవరి వంతు ముందన్న దెబ్బలాటలు వచ్చాయి. రెండు గంటలు ఆమె నోరు మూతపడలేదు. చివరికి దుపట్టాతో కళ్ళు తుడుచుకుని, ఇంకా రెండు గదులున్నాయి, రేపొస్తానని చెప్పి మరీ వెళ్ళింది.

ఆమె వెళ్ళాక నేను ఆగలేకపోయాను. "ఆంటీ, తందూర్ పెరట్లో అని బీజీ నిన్నే బోలీ థీ. నేనూ విన్నాను కదా" అన్నాను. నా తెలుగు అప్పట్లో అలాగే సగం హిందీలో ఉండేది.

ఆమె నవ్వింది. "నీకు చెవులు మస్తు పనిజేస్తున్నయి. అడిగితే ఎవలు చెప్తరు బిడ్డా? ఏమున్నది, అందరి అసొంటి ఇల్లే అంటరు. అదే తప్పు గీసి చూపెట్టు, ఒక్కలు ఊకుంటే నన్నడుగు."

ఆ మాట విన్న క్షణం నాకు గుర్తొచ్చింది మా నాన్న. తప్పు గీత చూసి ఊరుకోలేకపోవడంలో ఈ ఊరంతటికీ ఆయన తర్వాతే కదా ఎవరైనా. అమ్మ సంగతంతా ఆంటీకి చెప్పేశాను. ఆమె నవ్వు ఆగిపోయింది. చేతులకంటిన మసి తుడుచుకుంది.

"గిది ఆట గాదు బిడ్డా. మీ నాయినకు నొప్పి గావొచ్చు. నీ మీద కోపం రావొచ్చు. అయినా కావాల్నా?"

కావాలన్నాను. అయితే తప్పు గీయాలన్నా కొంత ఒప్పు తెలియాలి, తెలుసుకుని రమ్మంది. నానమ్మని పట్టుకున్నాను. బడిలో వ్యాసం రాయమన్నారని అబద్ధమాడి, ఆ క్వార్టర్ గురించి ఒక్కొక్క ముక్కా లాగాను. ఒక గది, వెనక వంటిల్లు, తూర్పున కిటికీ, నీళ్ళకి ఒక ఇనప డ్రమ్ము. "పొద్దున్నే ఎండ తిన్నగా కళ్ళల్లో పడేది" అని నానమ్మ ఇప్పుడే పడుతున్నట్టు మొహం చిట్లించింది. నాకంటూ గుర్తున్నది ఒకటే, కాళ్ళకి చల్లగా తగిలే ఎర్ర గచ్చు. ఇవన్నీ పెట్టి ఆంటీ వంటిల్లు గీసింది. తూర్పు కిటికీని దక్షిణం గోడకి మార్చింది. పొయ్యిని తీసుకెళ్ళి గుమ్మానికి అడ్డంగా పెట్టింది. కింద తెలుగులో, సరోజినీ నగర్, ఒక వంటిల్లు అని రాసింది.

దసరాకి ముందు ఆదివారం సాయంత్రం అందరినీ పిలిచారు. చాయ్, సమోసాలు. అక్కడ నేను వేసిన బొమ్మ కూడా ఉందని ఇంకో అబద్ధమాడి నాన్నని లాక్కెళ్ళాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా బొమ్మ కోసం ఒక్కో గోడా చూస్తూ వచ్చాడు. ఆ వంటింటి కాగితం ముందు ఆగిపోయాడు.

"సూడుండ్రి సార్, మంచిగొచ్చిందా?" అంది ఆంటీ.

నాన్న బొమ్మ చూశాడు. నన్ను చూశాడు. సమోసా ప్లేటు కిటికీలో పెట్టి బయటికి నడిచాడు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు పైదాకా వినబడింది. అమ్మ ఎలాగూ దక్కలేదు, ఇప్పుడు నాన్న కూడా పోయాడనుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. "తప్పు జేసినమా బిడ్డా" అంటూ ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చుట్టూ జనం చట్నీ ఇంకా కావాలని అడుగుతున్నారు.

పది నిమిషాలు గడిచుంటాయి. నాన్న మళ్ళీ లోపలికొచ్చాడు. చంకలో కాగితం చుట్ట, చేతిలో ఆఫీసు పెన్సిళ్ళ పెట్టె, స్కేలు.

"ఆ కిటికీ దక్షిణం గోడకి ఉండదండీ" అన్నాడు. "ఆ వరసలో ఏ క్వార్టర్‌కీ లేదు."

ఆంటీ గీసిన బొమ్మని ఆయన ముట్టుకోలేదు. పక్కనే తన కాగితం పరిచి, నేల మీద మోకాళ్ళేసి, పైనుంచి చూసినట్టుగా నక్షా మొదలుపెట్టాడు. మూలన అంగుళానికి రెండడుగులని రాశాడు. గోడలు వచ్చాయి, గుమ్మం వచ్చింది.

"గట్లనా సార్. పొయ్యి అయితే గుమ్మం కాడనే గద?" అంది ఆంటీ మెల్లిగా.

"కాదు కాదు. గట్టు మీద, ఈ చివర. మేం చేరినప్పుడు ఆ చివర ఉండేది. తనది ఎడంచేతి వాటం. గరిటె తిప్పుతుంటే మోచెయ్యి గోడకి తగుల్తోందంటే, గ్యాసు గొట్టం పొడుగుది వేయించి నేనే ఇటు మార్చాను."

నాకు ఆ సంగతి తెలియదు. నా చేతులు చూసుకున్నాను. నాది కుడిచేతి వాటమే. కొంచెం దిగులేసింది కూడా. నాన్న ఆగలేదు. డ్రమ్ము ఇక్కడ, దాని మీద రేడియో. హిందీ నేర్చుకోవాలని అమ్మ రేడియోలో వార్తలు చదివేవాళ్ళ వెంటే పైకి అనేదట, అన్నీ తప్పులే. నాన్న ఆలస్యంగా ఇంటికొస్తే ఏమీ అనేది కాదట, గరిటెతో ఆ డ్రమ్ము మీద ఒక్కటిచ్చేది. పక్క క్వార్టర్ల వాళ్ళందరికీ తెలిసిపోయేది ఆయన ఆలస్యంగా వచ్చాడని. ఇవన్నీ ఆయన మాకు చెప్పడం లేదు. గీతలకి చెప్పుకుంటున్నాడు. నవ్వు ఎలా ఉండేదని అడిగితే మాత్రం, అది గీయడం రాదన్నాడు.

చివర్లో గట్టు ముందు ఒక సున్నా చుట్టాడు. అదేమిటన్నాను.

"మీ అమ్మ."

పైనుంచి చూస్తే మనిషి అంతే కదా. తర్వాత దాని పక్కన ఇంకో సున్నా, చిన్నది.

"ఇది నువ్వు. పీటేసుకుని కూర్చుని వంటంతా చూసేదానివి. ఇన్‌స్పెక్టరు గారొచ్చారు అనేది."

పెన్సిలు ఆ చిన్న సున్నా మీదే ఉండిపోయింది. నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. జేబురుమాలు కోసం వెతుక్కుంటుంటే ఆంటీ కంగారుగా తన చేతిగుడ్డ ఇచ్చింది. దానికంతా బొగ్గు మసి. తుడుచుకునేసరికి ఆయన మొహం నల్లగా అయిపోయింది. బీజీ చూసి తన దుపట్టా చెంగుతో ఆ మసి తుడిచింది.

పైకి వెళ్ళేటప్పుడు మెట్ల మీద నాన్న అడిగాడు. "ఆ తప్పు గీయించింది నువ్వే కదూ?"

నేనే అన్నాను.

"నన్నే అడగొచ్చుగా."

"అడిగాను నాన్నా. చాలాసార్లు."

ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. మరిచిపోయాననుకున్నావా అన్నాడు. తలూపాను. "పైకి చెప్పేస్తే ఉన్న ఆ కాస్తా అయిపోతుందేమోనని భయమేసేదే" అన్నాడు. అంతవరకు ఆయన మీద దాచుకున్న కోపమంతా ఏమైందో నాకు తెలియదు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ రాత్రి ఆయన అన్నం మానలేదు. నానమ్మ ఆశ్చర్యపోయి రెండోసారి పెరుగేసింది.

మూడు నెలలూ అయిపోయి ఆంటీ వరంగల్ వెళ్ళిపోయింది. తన గోడ కాగితాలన్నీ చుట్టి తీసుకెళ్ళింది. నాన్న నక్షాని మాత్రం "గిది నాది గాదు బిడ్డా" అని నా చేతికిచ్చింది. మళ్ళీ ఆమెని నేను చూడలేదు. ఆ రోజు తర్వాత నోరు విప్పని మనుషులు నాకు చాలామందే తారసపడ్డారు. వాళ్ళు మరిచిపోయారని గానీ, వాళ్ళకి పట్టదని గానీ నేనెప్పుడూ అనుకోలేదు. మా అమ్మాయి బడి నుంచి మొహం ముడుచుకుని వస్తే, ఏమైందని అడగను. జరిగినదాన్ని తప్పుగా ఊహించి చెప్తాను. అలా కాదమ్మా అని మొదలుపెట్టి అంతా చెప్పేస్తుంది.

అమ్మ ముఖం నాకు ఇప్పటికీ ఆ పెళ్ళి ఫొటోలోదే. కానీ ఆ నక్షా మీద స్కేలు పెట్టి చూశాను. పెద్ద సున్నాకీ చిన్న సున్నాకీ మధ్య ముప్పావు అంగుళం. అంటే ఆమె వంట చేస్తుంటే నేను అడుగున్నర దూరంలో కూర్చునేదాన్ని. చెయ్యి చాపితే చీర కుచ్చిళ్ళు అందేంత దూరం.