పెద్దనాయన మెడలో లైఫ్ జాకెట్

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ పని జరగాలన్నా పెద్దనాయన తల ఊపాల్సిందే. మా నాయనకు అన్న ఆయన. ఎప్పుడో ఒకసారి సర్పంచిగా చేశాడు. ఆ సంగతి ఊరు మరిచిపోయింది గానీ ఆయన మరిచిపోలేదు. బర్రెను కొనాలన్నా, బోరు వేయాలన్నా, నాయన నోట ముందు వచ్చే మాట "అన్నను అడుగుదాం" అనే. అలాంటి ఇంట్లో నుంచి, డిగ్రీ అయిపోయిన ఆడపిల్లనైన నేను, అమరచింత దగ్గర కృష్ణ ఒడ్డున కొత్తగా పెట్టిన బోటింగులో పనికి పోతానంటే ఎంత రభస జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. పెద్దనాయన రెండు చాయ్‌లు తాగేదాకా ఆలోచించి, "సరే, పో బిడ్డా. గని నీ మీద ఒక్క మాట నా దాంక వచ్చిందనుకో, మర్నాటి సంది ఇంట్లనే ఉంటవ్" అన్నాడు. ఇంట్లో ఉండడమంటే పెళ్లిచూపులకు చాపేసుకుని కూర్చోవడమని మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నాకు ఆ పని కావాలి. పొద్దున్నే టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నా పనికి నేను పోవడం ఎంత బాగుండేదో! అది పోతుందని తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బోటెక్కే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ తొడగాలి, బోటు పోయే తోవలోకి ఈత కొట్టేవాళ్లు రాకుండా బోటులోనే ఉండి మైకులో అరవాలి. నీళ్లు అందరివీ కదా. బోటు రాకముందు నుంచీ అక్కడ పిల్లలు ఈదేవాళ్లు, ఆడవాళ్లు బట్టలు ఉతికేవాళ్లు, బర్రెలు మునిగి తేలేవి. వాళ్లకూ బోటుకూ మధ్య ఖాళీ నూనె డబ్బాలు కట్టిన పొడుగాటి తాడొకటి వేశారు. ఆ తాడు బోటును ఆపేది గానీ మనుషులను ఆపేది కాదు. "ఎర్ర నిక్కర్ తమ్మీ, తాడు మీద ఊగకు! ఓ తాతా, బర్రెలను జర అటు తోలు, బోటొస్తుంది!" అని పొద్దంతా నా గొంతు ఒడ్డంతా మోగేది. "బర్రెలకు నీ లెక్క సదువు రాకపాయె బిడ్డా, తాడంటే వాటికేం ఎరుక?" అని తాత తాపీగా బదులిచ్చేవాడు. (న్యాయమే మరి.)

బర్రెలైనా నయం, అసలు పరేషాన్ జాకెట్లతోనే. మా దగ్గర పిల్లలకు బావిలో ఈత నేర్పేటప్పుడు వీపుకు బెండు కడతారు. ఈత వచ్చాక బెండు విప్పేస్తారు. ఆ విప్పిన రోజు నుంచి వాడు మొగోడు. మళ్లీ వాడికి బెండు చూపిస్తే కొట్టినంత పని చేస్తాడు. నా చేతిలోని నారింజరంగు జాకెట్ వాళ్ల కళ్లకు అచ్చం బెండులాగే కనబడేది. మీసాలున్న ప్రతివాడూ "నాకు బెండు గడ్తవా?" అని మీద పడేవాడు. ఆడవాళ్లూ పిల్లలూ మారు మాట్లాడకుండా తొడుక్కునేవాళ్లు. మొగవాళ్లను మాత్రం ఒక్కొక్కరినీ బతిమాలి, బెదిరించి తొడిగేసరికి నాకు తాతలు దిగివచ్చేవాళ్లు.

అట్లాంటి ఒక ఆదివారం మా పెద్దనాయన దిగాడు. ఒక్కడే కాదు, కొత్త వియ్యంకుణ్నీ వియ్యపురాలినీ వెంటబెట్టుకుని దిగాడు. పెద్దనాయన కూతురు, మా అక్కను కర్ణాటక సరిహద్దున ఉన్న గట్టు మండలంలో ఒక ఊరికి ఇచ్చారు. అటంతా మెట్ట పొలాలు, వాన కోసం మొగులు చూసే మనుషులు. వాళ్లకు ఇంత నీళ్లు చూపించి మెప్పించాలని పెద్దనాయన ఉబలాటం. కారు దిగిన దగ్గర్నుంచీ "గీ కృష్ణను నేను వరదల ఈదిన బావా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు" అని చెప్పుకొస్తున్నాడు. ఆ కథ మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఉగ్గుపాలతో పోసిందే. అందరూ జాకెట్లు తొడుక్కున్నారు. పెద్దనాయన దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది.

"ఏంది బిడ్డా గిది? మీ పెద్దనాయినకే బెండు గడ్తవా?" అన్నాడు.

"రూలు పెద్దనాయినా. అందరు ఏస్కోవాలె."

"రూలు ఈత రానోళ్లకు. వియ్యంపుని ముంగట నా ఇజ్జత్ తియ్యకు. బోటు తియ్యుమను."

బోటు నడిపే అన్న నా మొహం చూశాడు. జాకెట్ లేని మనిషి ఒక్కడున్నా ఇంజన్ వేయొద్దని మాకు గట్టిగా చెప్పారు. వేయిస్తే సాయంత్రానికి బోటింగువాళ్లు నన్ను తీసేస్తారు. వేయించకపోతే పెద్దనాయనే తీసేస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆయన బాధ జాకెట్ గురించి కాదు, పక్కన మీసం చాటున నవ్వుకుంటున్న వియ్యంకుడి గురించి అని నాకు అర్థమవుతూనే ఉంది. అప్పుడు ఏ దేవుడు నా బుర్రలో దూరాడో తెలియదు, మైకు అందుకున్నాను.

"మన బోటుకు ఇయ్యాల పెద్దమనిషి, మాజీ సర్పంచి గారు వచ్చిండ్రు. అందరి తరఫున వారికి సన్మానం జేసుకుందాం. చప్పట్లు!" అన్నాను. బోటులో ఉన్న ముక్కూమొహం తెలియని జనమంతా చప్పట్లు కొట్టారు. మా పెద్దనాయన ఒక్కసారి సర్పంచి చేసినా వంద శాలువాలు కప్పించుకున్న మనిషి. చప్పట్లు వినబడి, ఎదురుగా ఎవరో రెండు చేతులు చాచి వస్తే, ఆయన మెడ ఆయన మాట వినదు. తల వంచాడు, చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతుల కింద నుంచే టకటకా బకిల్స్ పెట్టేశాను. తేరుకుని నా వైపు ఉరిమి చూసేసరికి బోటు కదిలింది. "ఇంటికి రా, నీ పని జెప్త" అని పళ్ల సందున అన్నాడు.

నది నడుమకు వచ్చాం. వియ్యపురాలు బోటు అంచు పట్టుకుని "బ్యాడ, బ్యాడ" అంటోంది. (భయమైతే ఆమెకు కన్నడమే వస్తుంది, వద్దు వద్దు అని.) అప్పుడు కనబడ్డాడు, తాడు కింద నుంచి మునిగీత కొడుతూ వచ్చి బోటు తోవలో బుడుంగున తేలిన కుర్రాడు. అన్న ఇంజన్ బంద్ చేసి బోటును పక్కకు తిప్పాడు. బోటు ఒరిగింది. "ఎవ్వరు లేవొద్దు! కూసోండ్రి!" అని అరిచాను. అందరూ కూర్చున్నారు, ఒక్క పెద్దనాయన తప్ప. ఆయనకు కూర్చుని తిట్టే అలవాటు లేదు. పంచాయితీలో ఏనాడూ కూర్చుని మాట్లాడలేదు. లేచి, చెయ్యెత్తి, "ఎవని కొడుకువురా నువ్వు?" అన్నాడు. ఆ కుర్రాడు ఎవరి కొడుకో చెప్పేలోగానే ఈయన నీళ్లలో ఉన్నాడు.

కుర్రాడిని దగ్గరికి రావద్దని అరిచి, పెద్దనాయనకు గడకర్ర అందించాను. ఆయన వెల్లకిలా తేలుతున్నాడు. కాళ్లు ఆడడం లేదు, చేతులు ఆడడం లేదు, మొహంలో నెత్తురు చుక్క లేదు. కర్ర పట్టుకుని దగ్గరికి వచ్చాక, నాకొక్కదానికే వినబడేట్టు అన్నాడు: "బిడ్డా, నాకు ఈత రాదే."

ఇంతలో పై నుంచి వియ్యంకుడు సంబరంగా, "ఈదు బావా, ఈదు! జర మేము గూడ సూస్తం!" అని కేక పెట్టాడు. పెద్దనాయన కళ్లు నన్ను చూశాయి. అంతటి మనిషిని అట్లా ఎప్పుడూ చూడలేదు, నాకు ఏడుపొచ్చింది. ఒక చేత్తో కర్ర వదలకుండా ఇంకో చేత్తో మైకు తీసుకున్నాను. "అందరు మంచిగ సూడుండ్రి. నీళ్లల్ల పడ్తె కాళ్లు చేతులు కొట్టుకోవద్దు. గాబరా గావొద్దు. జాకెట్ మోస్తది, గిట్ల ఎల్లకల పండుకోవాలె. మా పెద్దనాయిన చేసి సూపిస్తుండు." మళ్లీ చప్పట్లు. ఈసారి వియ్యంకుడు అందరికంటే గట్టిగా కొట్టాడు. అన్నా నేనూ కలిసి ఆయన్ని పైకి లాగాం.

సాయంత్రం మా ఇంట్లో వియ్యాలవారికి కోడికూర, జొన్నరొట్టెలు. నేను వడ్డిస్తున్నానే గానీ ప్రాణమంతా గుప్పిట్లోనే ఉంది. వియ్యపురాలే మొదలుపెట్టింది: "ఆడపిల్ల గట్ల మైకుల అరుసుడేంది, మాకైతే మంచిగ అనిపియ్యలె." ఒక్క మాట పెద్దనాయన దాకా రానే వచ్చింది. నాయన తల వంచుకున్నాడు. వియ్యంకుడు కూడా అందుకుని, "నిజమే బావా. వరదల ఈదినోనివి, నీకు జాకెట్ తొడుగుడు ఏం పద్ధతి? మాన్పియ్యరాదు?" అన్నాడు. నేను రొట్టెల గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

పెద్దనాయన రొట్టె తుంచి, కూరలో అద్ది, నోట్లో పెట్టుకోకుండా కాసేపు పట్టుకున్నాడు. "వరదల ఈదిన్నంటి గద బావా," అన్నాడు నెమ్మదిగా, "బెండు గట్టుకోనే ఈదిన."

నాయన తలెత్తి అన్నను చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ కథలో బెండు ఉన్నట్టు ఆయనా వినలేదు.

"బెండా? నువ్వా?" అన్నాడు వియ్యంకుడు.

"కృష్ణల ఎవడన్న ఉత్తగ దుంకుతడా? పాణం తీపి గాదా? పిల్ల చెప్పిందే సరి. రేపు పనికి పోతది." తర్వాత నా మొహం చూడకుండానే, "ఏందట్ల నిలవడ్డవ్, మామకు ఇంకో రొట్టె ఎయ్యి" అన్నాడు.

నేను ఆ పనిలో మరి రెండేళ్లు ఉన్నాను. "మా పెద్దనాయినే ఏస్కున్నడు, నీకేం మాయరోగం?" అంటే అమరచింత చుట్టుపక్కల మీసాలన్నీ నోరు మూసుకుని తొడుక్కునేవి. ఆ రోజు నా తెలివితేటలతోనే ఉద్యోగం దక్కించుకున్నానని చాలాకాలం మురిసిపోయాను. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇప్పుడు నాకూ ఒక కూతురుంది, దాని ముందు చెప్పుకునే గొప్పలు నాకూ నాలుగున్నాయి. వాటిలో ఒక్కటైనా అట్లా, నిండు పంక్తిలో, వియ్యంకుడి ముందు వదులుకోగలనా అని ఆలోచిస్తే మాత్రం నవ్వు ఆగిపోతుంది. పెద్దనాయనకు కాళ్లు మొక్కాలనిపిస్తుంది. మొక్కితే "ఏందే, పైసలు గావాల్నా?" అంటాడని ఊరుకుంటాను.