పదకొండు సున్నాలు

అంజనప్ప రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వానకొలత డబ్బా మూత తీస్తాడు. నీళ్లుంటే గాజు గొట్టంలోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టరులో రాస్తాడు. పెనుకొండ దాటాక వచ్చే చిన్న ఊళ్లో ఇరవై రెండేళ్లుగా అదే పని. "ఏమప్పా, ఎంత పడింది వాన?" అని అడిగిన పాపాన ఇప్పుడెవరూ పోరు. వాళ్లకు ఫోనే చెబుతుంది. ఇంట్లో అడిగేది ఒక్క భార్య ఆదెమ్మే. ఆమె కూడా పోయింది.

అందుకే, హిందూపురంలో డిగ్రీ చదివే సంగీత తనను వెతుక్కుంటూ వచ్చిందంటే ఆయన నమ్మలేకపోయాడు. కాలేజీ ప్రాజెక్టు కోసం ఆన్‌లైన్‌లో వానల లెక్కలు దించుకుందట. ల్యాప్‌టాప్ తెరిచింది. అంజనప్ప రాసిన అంకెలన్నీ అందులో ఉన్నాయి.

"తాతా, పోయినేడు అక్టోబరులో పదకొండు దినాలు ఈడ సున్నా ఉండాది. అప్పుడే ధర్మవరంలో బాగా పడింది. ఈడ చుక్క కూడా పడలేదా?"

అంజనప్ప ఆ తేదీల వైపు చాలాసేపు చూశాడు.

"పడింది పాపా. మా ఆదెమ్మకు గుంత తవ్వేటోళ్లు తడిసి ముద్దైనారు. దినాలయ్యేదాకా నేను డబ్బా దగ్గరికి పోలేదు. పోయినాక, రిజిస్టరులో గళ్లు ఖాళీగా వదలద్దన్నారు ఆఫీసోళ్లు. సున్నాలు పెట్టినా."

సంగీత ఆ సున్నాల మీద వేలు పెట్టింది. "మరి నేనేం రాసుకోవాల తాతా?"

"సున్నాలు తీసెయ్. వాన లేక కాదు, చూసేవాళ్లు లేకపోయిరని రాసుకో."